బాల్కనీ సూత్రానికి ‘నిష్ప్రదీపిక’ వ్యాఖ్య

మూలము: “కరెంటు పోతే మీకు చీకటి. మాకేం? గుమ్మంలో కారుంది.”

అవతారిక: విశాఖపట్నంలో మా వీధి సంక్షేమ సంఘం అధ్యక్షులవారు కరెంటు కారు కొన్న నాటి నుంచి, తాము ఇంట్లో ఉండగా సరఫరా ఆగిన ప్రతిసారీ బాల్కనీలోకి వేంచేసి, కింద నిలబడ్డ జనాన్ని ఉద్దేశించి పై సూత్రం ప్రవచిస్తున్నారు. వినేవాడు విసనకర్రతో ఉన్నాడా, నెబ్యులైజర్ ఆగిపోయిన తల్లిని వదిలి వచ్చాడా అన్నది వారికి అప్రస్తుతం. ఇన్నిసార్లు వినబడిన మాట శాస్త్రం కాక తప్పదు. శాస్త్రానికి వ్యాఖ్య లేకపోతే లోపం. అందుకని ఈ సాహసం.

ప్రతిపదార్థం: సులభం. విద్యార్థులే రాసుకోగలరు.

విశేషం: “గుమ్మంలో” అన్నచోట ఆగాలి. ఆ పదం చెవినపడగానే పండితులకు దేహళీదీప న్యాయం స్ఫురిస్తుంది. గడప మీద పెట్టిన దీపం ఇంట్లోకీ వెలుతురిస్తుంది, వీధిలోకీ వెలుతురిస్తుంది. ఒకే కారు అటు రోడ్డుకూ ఇటు ఇంటికీ పనికొస్తోంది కనుక సూత్రకారుల హృదయం ఇదేనని ఒక పక్షం. ఈ పక్షం నిలవదు. గడప దీపం రెండు వైపులా ఒకేసారి వెలుగుతుంది. కారుకు ఆ భాగ్యం లేదు.

సైంధవ న్యాయమే ఇక్కడ సరి. “సైంధవం తీసుకురా” అని యజమాని కేకేస్తే, భోజనం వేళ అయితే సేవకుడు ఉప్పు తేవాలి, ప్రయాణం వేళ అయితే గుర్రం తేవాలి. సందర్భమే అర్థాన్ని తేలుస్తుందని చెప్పడానికి మన శాస్త్రకారులు ఎన్ని తరాలుగానో ఈ ఉప్పునూ గుర్రాన్నీ వాడుకుంటున్నారు. అయితే సేవకుడు తెలివైనవాడే అయినా కొట్లో ఉప్పు లేకపోతే ఏం చేయాలో వాళ్ళెవరూ చెప్పలేదు. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. సందర్భం ఉప్పునే కోరుతోంది. గుర్రమేమో సూత్రకారులతో పాటు గాజువాకలో ఆఫీసు పార్కింగులో ఉంది. కాబట్టే వారి సతీమణి పాఠం వేరు: “గుమ్మంలో కారుంటే గదా!” మా దృష్టిలో ఈ పాఠాంతరమే ప్రామాణికం. రాత్రి పూట ఈ చిక్కు లేదంటారా? రాత్రంతా ఉప్పు వాడితే పొద్దున గుర్రం అంతమేరకు కుంటుతుంది. పైగా కరెంటు రానిదే దానికి దాణా లేదు.

ఇలాంటి చోట మల్లినాథసూరి ఏం చేసి ఉండేవాడా అని ఆలోచన. ఆయన మనవాడే, మెదక్ సీమలోని కొల్చారం వాడు. కాళిదాసు వాక్కు చెడ్డ వ్యాఖ్యల విషంతో మూర్ఛపోయిందని బాధపడి, దాన్ని బతికించడానికి ‘సంజీవని’ రాశాడు. కిరాతార్జునీయానికి రాసిన టీకకు ‘ఘంటాపథం’ అని రాజమార్గం పేరు, శిశుపాలవధకు రాసినదానికి ‘సర్వంకష’ అని దేన్నీ వదలనంతటి పేరు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చినవాడు. ఆ రెండో షరతు పెట్టుకుంటే మా వ్యాఖ్య అవతారికతోనే ఆగిపోయేది. భారవి మాటను ఆయన కొబ్బరికాయతో పోల్చాడు: పైన పెంకు గట్టిది, పగలగొడితే లోపల రసం. మా సూత్రకారుల మాటా కొబ్బరికాయే. కాకపోతే కురిడీ, ఊపితే గలగలమంటుంది.

కారు సంగతి కదా మొదలుపెట్టాం.

పరిమాణ విచారం: సూత్రంలో గప్పాలు ఉన్నాయేగాని అబద్ధం లేదని ఒప్పుకోవాలి. ఇళ్ళలో ఇన్వర్టర్ కింద ఉండే 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీలో పట్టేది 1.8 యూనిట్లు. కారు కింద 45 యూనిట్లు అనుకుంటే, అలాంటివి పాతిక బ్యాటరీలు. మూడు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఫ్రిజ్జు, వైఫై కలిపి సగటున నాలుగు వందల వాట్లు లాగుతాయి. పది గంటల చీకటికి నాలుగు యూనిట్లు. కారు మేలుకొని ఉండటానికి అదే తాగే కరెంటు కొంత కలిపినా, ట్యాంకులో పదో వంతు చిల్లర. 2023లో వచ్చిన కొత్త నెక్సాన్ ఈవీ 3.3 కేవీఏ దాకా బయటికిస్తుంది. జపాన్‌లో 2011 భూకంపం తర్వాత, 2012లోనే నిస్సాన్ లీఫ్ నుంచి ఇంటికి కరెంటిచ్చే పెట్టె అమ్మకానికి వచ్చింది. అంటే సూత్రకారులు ద్రష్టలు కారు, కొనుగోలుదారులు.

సూత్రకారులు హుద్‌హుద్‌ను కూడా సాక్ష్యానికి పిలుస్తారు. 2014 అక్టోబరు 12 తర్వాత ఈ ఊరు రోజుల తరబడి చీకట్లో ఉన్నమాట నిజం; అప్పుడీ కారుంటే వీధికంతటికీ సెల్‌ఫోన్లు చార్జి అయ్యేవన్నమాటా నిజమే. కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు గుమ్మాల్లోని కార్లు గుమ్మాలతో పాటే మునిగాయి. గాలి సాక్ష్యాన్ని పిలిచి నీటి సాక్ష్యాన్ని దాచడం తర్కంలో దోషం.

మార్గ విచారం: కారు నుంచి ఇంటికి రెండు దారులు. బానెట్ కింది 12 వోల్టుల చిన్న బ్యాటరీకి క్లిప్పులు తగిలించి ఇన్వర్టర్ నడపడం మొదటిది. ఇందులో వెయ్యి వాట్లు లాగితే తీగలో తొంభై ఆంపియర్ల దాకా పారుతుంది. సన్న వైరయితే ముందు అదే వెలుగుతుంది. రెండోది, చార్జింగ్ పోర్టుకు కంపెనీ అడాప్టర్ పెట్టి, ఇంటి ఇన్వర్టర్ మూడు పిన్నుల ప్లగ్గును అందులో గుచ్చడం. ఇన్వర్టర్ దాన్ని కరెంటు వచ్చిందనుకొని తన బ్యాటరీని నింపుకుంటుంది, తన లైను మీది ఫ్యాన్లు తిప్పుతుంది. శిష్టసమ్మతమైన దారి ఇదే.

మా సూత్రకారులు మూడోది కనిపెట్టారు. రెండు కొసలా మగ పిన్నులున్న వైరు చేయించి, ఒక కొస కారులో, రెండో కొస హాల్లోని సాకెట్లో. ఇల్లంతా ధగధగ.

అధ్యాహారం: ప్రతి సూత్రంలోనూ పైకి చెప్పని పదాలు కొన్ని ఉంటాయి, వ్యాఖ్యాత వాటిని తెచ్చి కలపాలి. ఇక్కడ కలపవలసినది “చేంజోవర్ స్విచ్ పెట్టించి” అన్నది. అది లేకుండా సాకెట్లోకి ఎక్కించిన కరెంటు ఇంట్లోనే ఉండాలని నియమం లేదు. మీటరు దాటి స్తంభం ఎక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనకనుంచి వెళ్తే 11,000 వోల్టులై అవతల తేలుతుంది.

శంక: ఊరి లోడంతా మీద పడితే కారు తట్టుకోలేక ట్రిప్పవుతుంది గదా?

సమాధానం: లైన్‌మన్ మీ ఒక్క సర్వీసు వైరు విప్పి చేత్తో పట్టుకున్నప్పుడు ఊరి లోడు ఎక్కడుంది? లోడు అతనే.

శంక: మెయిన్ దించుతాం గదా?

సమాధానం: చెమటలు కారుతూ చీకట్లో తడుముకునే మనిషి ఏ రోజైనా మర్చిపోతాడు. మరవడానికి వీలు లేకుండా, ఫేజూ న్యూట్రలూ రెండూ కలిసి అటో ఇటో మాత్రమే తిరిగే స్విచ్ కావాలంటున్నాం. సూత్రంలో యతి లేదు, ప్రాస లేదు, ఎర్తు లేదు. మొదటి రెండూ లేనందుకు ఎవరూ చావరు.

ఇంకొక మాట టీకలో ఇమడదు, అయినా రాస్తున్నాం. పూర్వం కరెంటు పోతే 1912కు ఫోను చేసేది అధ్యక్షులవారే. గొంతు పెద్దది, పదవి ఉంది, ఫిర్యాదు నంబరు తీసుకోందే వదిలేవారు కాదు. కారు వచ్చాక మానేశారు. “మీకు చీకటి” అన్నప్పుడు ఆ “మీకు”లో వీధి మొత్తం ఉంది, సంఘానికి చందా కట్టినవాళ్ళతో సహా. మొన్న ఫ్యూజు పోయిన రాత్రి ఎవరికి వారు ఇంకెవరో చేసుంటారనుకొని కూర్చున్నాం.

తాత్పర్యం: కారు మంచిదే. స్విచ్ పెట్టించాలి. ఫోను చేయాలి.

సూత్రకారులు ఈ సవరించిన పాఠాన్ని ఇంకా ఆమోదించలేదు. ఈలోగా మా వీధిలో స్తంభానికి నిచ్చెన వేసిన ప్రతిసారీ ఎవరో ఒకరం కింద నిలబడి, “టెస్టర్ పెట్టి చూసుకో బాబూ, ఆ మేడలో సూత్రకారులున్నారు” అని చెప్పవలసి వస్తోంది.