రొయ్య మనది, రేటు ఇటలీది!

పుట్టినరోజు వస్తే చాలు, నెల్లూరు కుర్రకారుకు ఇప్పుడు పాస్తా గుర్తొస్తుంది. తినొద్దని ఎవరన్నారు? కానీ బల్ల మీదకొచ్చిన ఆ ‘ప్రాన్ ఆల్‌ఫ్రెడో’ను కాస్త తేరిపార చూడండి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు చెరువుల్లో పెరిగే వనామీ రొయ్యలే నాలుగంటే నాలుగు, తెల్లటి సాస్‌లో మునకలేస్తుంటాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి ఎక్కించినప్పుడు ఆ రొయ్యను పెంచిన రైతు తల పట్టుకున్నాడు. మెనూలో రేటు దిగినట్టు మాత్రం ఎవరైనా చూశారా?

ఇక వంట సంగతి. సముద్రపు సరుకు వేసిన పాస్తా మీద చీజ్ చల్లితే ఇటలీవాళ్లు మొహం చిట్లిస్తారు. కార్బొనారా పాస్తాలోనైతే క్రీమ్ ఊసే ఉండదు. గుడ్డు, చీజ్, పంది మాంసం, మిరియాలు, అంతే. మన దగ్గర రెండింటికీ మొహమాటం లేదు. పైగా కాస్త గరం మసాలా, పక్కన కెచప్ సీసా. మసాలా పడటమే నయంలెండి, చేపల పులుసు మరిగిన నాలుక ఉత్త మైదా సాస్‌కు లొంగుతుందా?

చివరికి బిల్లొస్తుంది. అందులో సర్వీస్ ఛార్జీ నక్కి ఉందేమో చూసుకోండి. హోటళ్లు తమంతట తామే దాన్ని కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ సమర్థించింది. కనిపిస్తే తీసేయమనండి. కాదంటే 1915కు ఫోన్ కొట్టండి.