చచ్చిన కోడికి లెక్క లేదు

2025 ఫిబ్రవరిలో మా ఇంట్లో ఆదివారాలు పప్పుచారుతో గడిచాయి. తూర్పు గోదావరి జిల్లా కానూరులోనూ, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులోనూ చచ్చిన కోళ్లలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వైరస్ ఉందని భోపాల్ ల్యాబ్ తేల్చింది మరి. ఫారం చుట్టూ కిలోమీటరు ఇన్‌ఫెక్టెడ్ జోన్, పది కిలోమీటర్లు నిఘా జోన్ గీశారు. తెలంగాణ సరిహద్దులో కోళ్ల లారీల్ని ఆపి వెనక్కి తిప్పారు. చెక్‌పోస్టు మీదుగా ఎగిరిపోతున్న కొంగల్ని మాత్రం వే బిల్లు అడిగిన నాథుడు లేడు.

డెబ్బై డిగ్రీల వేడికి వైరస్ చస్తుంది, ఉడికించి తినండి మహాప్రభో అని అధికారులు మొత్తుకున్నారు. మనం కోడిని ఉడికించే తీరుకి ముక్కే మిగలదు, ఇక వైరస్సా! అయినా ఎవరూ నమ్మలేదు. ఈలోగా గుంటూరులో, హైదరాబాద్‌లో ఉచిత చికెన్ మేళాలు పెట్టారు. జనం తోసుకుంటూ ఎగబడ్డారు. డెబ్బై డిగ్రీల వల్ల కాని పని సున్నా రూపాయలు చేసి పెట్టింది.

అసలు తమాషా పరిహారంలో ఉంది. సర్కారు చంపించిన కోడికి డబ్బులిస్తారు, తనంతట తను చచ్చిన కోడికి పైసా రాదు. రైతు వెంటనే కబురు చెబుతాడని ఆ నిబంధన. చెబితే ఏమొస్తుంది? జేసీబీ వస్తుంది, గొయ్యి వస్తుంది, సున్నం వస్తుంది. షెడ్డు నెలల తరబడి ఖాళీ. చుట్టుపక్కల ఫారాల వాళ్ల శాపనార్థాలు అదనం. అందుకే కొందరు రాత్రికి రాత్రే గోనెసంచి మూతి కట్టేసి కాలవ దారి పట్టారు. కాలవకి జోన్లు తెలియవు. కూరలో చచ్చే వైరస్ రెట్టలో, పచ్చి మాంసంలో, చన్నీళ్లలో నిక్షేపంగా బతుకుతుందన్న సంగతి సంచి మోసినవాడికీ తెలియదు.

చివరికి మా ఊళ్లోనూ మేళా పెట్టారు. నెల రోజులుగా ఇంట్లో గుడ్డు కూడా ముట్టనివ్వని పక్కింటి బాబాయి మూడు ప్లేట్లు లాగించి, చెయ్యి కడుక్కోవడానికి కాలవలోకి దిగాడు. ఎగువ నుంచి సంచి ఒకటి తేలుకుంటూ వచ్చింది. బాబాయి దాన్ని కాలితో అవతలికి తోసి, అదే నీళ్లు పుక్కిలించి, గట్టెక్కాడు.

"ఏరా అబ్బాయ్, ముక్క బాగానే ఉంది. ఇంతకీ తినొచ్చంటావా?"