వరాహం దగ్గర ఆగిన బండి

ముప్ఫై రెండేళ్లు బళ్లో లెక్కలు చెప్పినవాణ్ణి. రోజుని పీరియడ్లుగా కొయ్యడం నాకు కొత్త కాదు. అందుకే రిటైరై, నూజివీడు దగ్గర మా నాన్నగారి మామిడి తోటలో ఇంటికి చేరిన వారానికే ఒక టైమ్‌టేబుల్ రాసి వంటింటి తలుపుకి అంటించాను. మొదటి రెండు పీరియడ్లు కలుపు. తర్వాత రెండూ ఇంటి మరమ్మతులు. భోజనం, ఓ కునుకు. సాయంత్రం మూడు పీరియడ్లూ బొమ్మలు.

"ఇందులో నేనెక్కడున్నానండీ?" అంది మా ఆవిడ.

"ఇంటర్వెల్లో" అన్నాను. ఆ పూట కాఫీ రాలేదు.

బొమ్మల సంగతి ముందు చెప్పాలి. దసరాకి హైదరాబాదులో మా మనవరాలు కొలువు పెడుతుందట. "తాతయ్యా, దశావతారాలు చేసిపెట్టవా?" అని ఫోన్లో అడిగింది. మాకు కొండపల్లి ఎంత దూరం గనక! వెళ్లి కొనుక్కొస్తే ఒక పూట పని. కానీ పిల్ల అడిగింది కొనమని కాదు, చెయ్యమని. దాంతో నాలో ఎప్పటినుంచో పడుకున్న కళాకారుడు లేచి కూర్చున్నాడు. పడుకున్నవాణ్ణి అలాగే వదిలేసి ఉండాల్సింది.

కొండపల్లి బొమ్మల కాలనీలో ఒక పెద్దాయన అరుగు మీద రెండు పూటలు కూర్చున్నాను. తెల్లపొణికి కర్ర చేతిలోకి తీసుకుంటే బెండు ముక్కంత తేలిక. సన్నని సెగ మీద దాంట్లో తడంతా లాగేస్తారు. ఒళ్లు వేరే, కాళ్లు వేరే, తోక వేరే చెక్కుకుని, చింతపిక్కల పిండీ రంపప్పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. పైన సున్నం పూత, అది ఆరాక రంగులు. ఆయన చెక్కుతుంటే దోరజామకాయ కోస్తున్నట్టే ఉంది.

"మాస్టారూ, ముందు పళ్లూ కాయలూ చెయ్యండి. చెయ్యి కుదిరాక దేవుళ్ల జోలికెళ్దురుగాని" అన్నాడాయన. ఎక్కాలు రాని పిల్లలకి బీజగణితం చెప్పినవాణ్ణి నేను. వింటానా?

మత్స్యం బాగానే వచ్చింది, చేపకి కాళ్లుండవు గనక. కూర్మం కూడా ఫరవాలేదు, కాళ్లు లోపలికి లాక్కుందని సర్దిచెప్పుకున్నాను. వరాహం దగ్గర బండి ఆగిపోయింది. దానికి నాలుగు కాళ్లు కావాలి, నాలుగూ బయటికి కనపడాలి.

ఈలోగా తొలకరి పడింది. రసాలూ బంగినపల్లీ దిగిపోయి, గట్టు మీది కలెక్టరు కాయలు కూడా అమ్మేశాక తోటలో ఇక మిగిలే పంట కలుపే. ముఖ్యంగా వయ్యారిభామ. ఎక్కడో అమెరికా ఖండం మొక్క, 1955 ప్రాంతంలో పూణేలో కనపడి, దేశమంతా తిరిగి మా చెట్ల కిందికి చేరింది. పూతకి రాకముందే పీకాలి. పూసిందంటే ఒక్కో మొక్కా వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. ఒట్టి చేతుల్తో ముట్టుకుంటే దద్దుర్లు. నేను ఒట్టి చేతుల్తోనే ముట్టుకున్నాను. ఆ వేళ వియ్యపురాలు ఫోన్ చేసి అన్నయ్యగారేరీ అంటే, "పొద్దున్నుంచీ వయ్యారిభామ వెంట పడ్డారు వదినా, ఇప్పుడు ఒళ్లంతా దద్దుర్లు" అని మా ఆవిడ ఉన్న మాటే చెప్పింది. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

అంతకన్నా మొండిది తుంగ. పైన లాగితే గడ్డి తెగి చేతికొస్తుంది, గడ్డ మాత్రం నేలలో క్షేమం. పట్టుదలగా గునపంతో తవ్వితే ఒక గడ్డ, దాని వేరుకి వేలాడుతూ ఇంకో మూడు, వాటికి మళ్లీ. గుణశ్రేఢికి ఇంత మంచి ఉదాహరణ నాకు సర్వీసులో ఉండగా దొరికుంటే పిల్లలెవరూ ఫెయిలయ్యేవాళ్లు కాదు.

ఏ పనీ తెమలకపోవడానికి అసలు కారణం బద్ధకమని మా ఆవిడ అభిప్రాయం. కాదు. మూడు పనులకీ సామాను ఒకటే. గేటు కింది బందు ఊడి నెలైంది. గేటుని తీసి గోడకి ఆనించాను. తుప్పు గీకి మళ్లీ బిగిద్దామని ఆకురాయి తెస్తే, అది కూర్మం వీపు నున్నచెయ్యడానికి వెళ్లింది. సుత్తి బొమ్మల పీట దగ్గర, శీలలు తోటలో. చింతపిక్కలు వేయించి మిక్సీలో వేస్తే రెండు తిప్పులకే అది గుర్రుమని మూగబోయింది. మరమ్మతుల్లో ఒకటి పెరిగింది. పైగా ఆ పిక్కలు మనవరాలు వామనగుంటలు ఆడుకోడానికి దాచినవట. వామనుడు నాకింకా రెండవతారాల దూరంలో ఉన్నాడు, శాపం మాత్రం ముందే తగిలింది.

అప్పుడే నాకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. సున్నం! ప్రహరీకి వెయ్యాల్సింది సున్నం. వరాహానికి పూత సున్నం. మామిడి ఎండుకొమ్మలు కోసిన చోట పుయ్యాల్సిన బోర్డో పేస్టులోనూ కిలో మైలుతుత్తానికి కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఒక్కసారి తడిపితే మూడు పీరియడ్లకీ సరిపోతుంది.

ఒక ఆదివారం గుల్ల సున్నం కుండలో పోసి నీళ్లు వంచాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత అడుగునెక్కడో చిటచిట. ఒక గుల్ల పగిలింది, దాని పక్కది పగిలింది, తెల్లటి ఆవిరి లేచి కుండంతా గంజిలా కుతకుతలాడింది. పొయ్యి లేకుండా నేను చెయ్యగల వంట ఇదొక్కటే. మర్నాడు పాత పంచెలో వడకడితే వెన్నలా దిగింది.

మైలుతుత్తాన్ని ఇనప పాత్రలో కలపకూడదు. ఇంట్లో ఉన్నవి రెండే ప్లాస్టిక్ బాల్చీలు, కవలలు. ఒకదాంట్లో గోడ సున్నం, రెండోదాంట్లో బోర్డో. సున్నం చాలిందో లేదో తెలియాలంటే అందులో ఇనప కత్తి ముంచాలి. రాగిరంగు పట్టిందంటే చాలనట్టు. చేతికందిన కత్తి వరాహాన్ని చెక్కుతున్నదే. ముంచాను. ఎర్రబడింది. ఇంకాస్త సున్నం కోసం పెరట్లోకి వెళ్లి, దారిలో రెండు తుంగ మొక్కలు కనపడితే వంగాను. వంగడం వరకే నా చేతిలో ఉంది.

నడుం ఎత్తేసరికి ప్రహరీ సగం లేత నీలం. గోడ పనికి వచ్చిన కుర్రాడు రెండు బాల్చీలూ కలిపేసి తీరిగ్గా కుంచె ఆడిస్తున్నాడు.

"నీలిమందు మీరే కలిపి పెట్టారనుకున్నా మాస్టారూ" అన్నాడు. వాణ్ణి అనడానికేముంది? సున్నంలో నీలి కలపడం ఊరందరికీ అలవాటే.

ఫ్రాన్సులో బోర్డో దగ్గర దారి పక్క ద్రాక్షని దొంగలు కొయ్యకుండా ఈ నీలం పూసేవారట. 1880ల్లో మిలార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ పూత పడిన తీగెలకే బూజు తెగులు రాలేదని గమనించాడు. కాబట్టి మా ప్రహరీకి ఈ జన్మలో తెగులు రాదు, దాన్ని ఎవరూ కోసుకుపోరు కూడా. చెట్లకి మిగిలిన ఒట్టి సున్నమే పూశాను.

ఆ రాత్రి సున్నంలోకి ఎముక లేదు నా ఒంట్లో. వరాహాన్ని గూట్లో పెట్టి, మూడు కాళ్లతోనే, మంచం ఎక్కాను.

తెల్లారగట్ల కుక్క ఒకటే అరుపు. టార్చి తీసుకుని వెళ్తే, గేటు లేని దారిలోంచి అడవి పందులు వచ్చి వెళ్లాయి. మూడు వారాలు గునపంతో నేను కుస్తీ పట్టిన తుంగనంతా నాగలి పెట్టినట్టు తిరగేసి గడ్డలు ఏరుకు తిన్నాయి. ఆనందంతో కేకెయ్యబోయాను. టార్చి ఇంకొంచెం పక్కకి తిప్పితే మా ఆవిడ చిలగడదుంప మడి. అక్కడా అంతే శ్రద్ధగా పనిచేశాయి.

ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను మాత్రం మడిలో గొంతుక్కూర్చున్నాను. తడిమట్టిలో అడుగు అచ్చు దిగినట్టుంది: ముందు రెండు పెద్ద గిట్టలు, వెనక చెరో పక్కకీ చిన్నవి రెండు. పరుగున వెళ్లి గూట్లోంచి బొమ్మ తెచ్చి, అచ్చు పక్కన పెట్టి చూశాను. నేను చెక్కింది కుక్క కాలు.

"ఏవండీ" అంది మా ఆవిడ, చాలా నెమ్మదిగా. "వరాహం తర్వాత వచ్చేది ఎవరు?"

"నరసింహం" అన్నాను తల ఎత్తకుండా.

"అయితే అది రాకముందే ఆ గేటు బిగించండి."