బ్యాట్ బావ

సూళ్లూరుపేటలో బ్యాట్ కొనదలచినవాళ్లు ముందుగా బావను కలవడం మేలు. కొన్నాక కలిస్తే ఆ బ్యాట్ మీద మనసు విరిగిపోతుంది. ఆయన ఎవరికీ వరసకు బావ కాడు, ఊరందరికీ బావే. ఫోన్ల విషయంలో, బైకుల విషయంలో ఇలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మా బావకు మాత్రం ఇలవేలుపు చెంగాళమ్మ, ఇష్టదైవం బ్యాట్.

ఈ భక్తి 2001లో మొదలైంది. గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు, బావ షటిల్ బ్యాట్ వెతకడానికి నడుం కట్టాడు. గట్టింగ్ ఎంత టైటుగా ఉండాలి, పిడి సన్నందైతే మేలా లావుదైతే మేలా అని విచారించాడు. అది తేలేలోగా 2005 వచ్చింది, సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచింది. బావ టెన్నిస్ బ్యాట్‌కు మారాడు. రెండూ కొనలేదు. పక్కనే శ్రీహరికోట ఉంది కదా, చంద్రయాన్-2 కౌంట్‌డౌన్‌ను ఎగరడానికి 56 నిమిషాల ముందు ఆపేశారు. 2019 జూలై 15న ఆగింది 22కల్లా ఎగిరింది. బావ కౌంట్‌డౌన్ ఇంకా నడుస్తూనే ఉంది.

ఇప్పుడు పాడెల్ వచ్చింది. 1969లో మెక్సికోలోని అకపుల్కోలో ఎన్రికే కోర్కువేరా అనే ఆయన తన ఇంటి ఆవరణలో మొదలుపెట్టిన ఆట ఇది. కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. చుట్టూ అద్దాల గోడలు, ఇనుప జాలీ. నేల మీద ఒకసారి పడ్డ బంతి గోడకు తగిలి వెనక్కొచ్చినా కొట్టొచ్చు. సర్వీసు నడుం కిందనుంచే చెయ్యాలి. అందుకే కొత్తవాళ్లు కూడా మొదటిరోజే నాలుగు బంతులు ఆడేస్తారు. అది బావకు పెద్దగా నచ్చలేదు. ఆయన్ను కట్టిపడేసింది బ్యాట్. దానికి గట్టింగ్ లేదు, ఒళ్లంతా బెజ్జాలు.

చెన్నైలో ఉద్యోగం చేసే కుర్రాడొకడు శనివారం లోకల్ ట్రైన్లో ఊరికొస్తూ, కొత్తగా కొన్న పాడెల్ బ్యాట్ వెంట తెచ్చాడు. టీ కొట్టు దగ్గర బావ దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. జేబులోంచి స్కేలు తీసి మందం కొలిచాడు. 38 మిల్లీమీటర్లు దాటకూడదని రూలు, దాటలేదు. పిడికున్న తాడు మణికట్టుకు తగిలించుకున్నాడు, టీ తాగేటప్పుడూ విప్పలేదు. తాడు లేకుండా ఆడకూడదనీ రూలుందట.

"వజ్రం ఆకారం. ఎవురబ్బా నిన్నిది కొనమంది?"

"చాంపియన్లంతా ఇదే వాడతారు బావా."

"నువ్వు చాంపియన్‌వా?"

పక్కనే కూరగాయల కొట్టు. బావ బ్యాట్‌ను కాటా మీద పెట్టాడు. 378 గ్రాములు చూపించింది.

"కొత్తోడికి 365 దాటకూడదు. 13 గ్రాములెక్కువ."

"బెండకాయలయితే ఆ పాటి మొగ్గు నేనే ఇస్తా బావా," అన్నాడు కొట్టాయన.

బావ నవ్వలేదు. పాఠం మొదలెట్టాడు. వజ్రం ఆకారానికి బరువంతా పైన. గట్టిగా కొట్టగలం, నిజమే, కానీ బంతి సరిగ్గా తగలాల్సిన చోటు చిన్నది, అదీ పైకి ఉంటుంది. కాస్త తప్పితే దెబ్బ మోచేతికే. గుండ్రటి బ్యాట్‌కు ఆ చోటు నడిమధ్యన, పెద్దగా ఉంటుంది, బరువు చేతికి దగ్గర. నీటిబొట్టు ఆకారం ఈ రెంటికీ మధ్యరకం. లోపలి ఫోమ్ మెత్తగా ఉంటే బంతి తేలిగ్గా పోతుంది, చెయ్యి అదరదు. పైన గట్టి కార్బన్ కన్నా ఫైబర్‌గ్లాస్ మెత్తన, ధరా తక్కువ.

"నిజమే బావా, వారం నుంచీ మోచెయ్యి లాగేస్తా ఉంది," అన్నాడు కుర్రాడు, చొక్కా చెయ్యి పైకి మడిచి. బావ ఆ మోచేతిని కూడా బ్యాట్ లాగే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే నువ్వెన్నాళ్ల నుంచి ఆడతా ఉండావు?"

టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపాడు. బెండకాయలు ఏరుకుంటున్న ఆమె కూడా తలెత్తింది.

"ఆడేదేంది? ఆడితే ఆ ఒక్క బ్యాట్ గురించే తెలుస్తుంది," అన్నాడు బావ.

చెన్నై పోయి ఒక్కపూట ఆడి వద్దాం రమ్మని కుర్రాడు బతిమాలాడు. బావ ఒప్పుకోలేదు. సరైన బ్యాట్ లేకుండా కోర్టులో కాలు పెట్టడం ఆటను అవమానించడమేనట. ఇంతకీ ఆయనకు సరిపోయేది ఏదంటే, ఇంకో రెండు మోడళ్లు చూడాలన్నాడు.

ఆయన్ను వెక్కిరించడం సులువే గానీ, చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మొదటిసారి కొనేవాళ్లు గుండ్రంది, మెత్తంది, తేలికైంది చూసుకోండి. అంతకన్నా ముందు అద్దె బ్యాట్‌తో నాలుగుసార్లు ఆడండి, ఈ సలహా బావ ఇవ్వడు. అనుమానముంటే సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆయన్నే అడగండి, పైసా తీసుకోకుండా గంటసేపు చెబుతాడు. డబ్బు చేతికిచ్చి బ్యాట్ తెచ్చిపెట్టమని మాత్రం పంపకండి.