నిమ్మకాయలు తొక్కిన చట్టం

కొత్త పోలీసు బండ్లకు జరిగే మర్యాద చూసి తీరాలి. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా ఊడవు. బానెట్ మీద పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. ముఖ్యమంత్రి పచ్చజెండా ఊపగానే సైరన్లన్నీ ఒక్కసారి కూస్తాయి. ముందు వరసలో ఉన్న డ్రైవరు కెమెరాలు తృప్తిపడేదాకా బండిని పెళ్లికూతురిలా నడిపిస్తాడు. అంతటితో పోలీసు శాఖ ఆధునికమైపోయినట్టే.

తెలంగాణ ఏర్పడి మూడు నెలలు నిండకముందే, 2014 ఆగస్టులో, హైదరాబాద్ పోలీసులకు కొత్త ఇన్నోవాలు వచ్చాయి. బండి అక్కర్లేదని ఎవరూ అనరు. పాత జీపును తోసి స్టార్ట్ చేసిన కానిస్టేబుల్‌ను అడిగితే దాని విలువ చెప్తాడు. కాకపోతే బండి కొనడంతోనే సంస్కరణ అయిపోయిందనుకోవడం దగ్గరే తంటా.

ఈ విద్యలో ఆంధ్రప్రదేశ్ ఇంకో మెట్టు ఎక్కింది. మహిళలపై లైంగిక నేరాలను వేగంగా తేల్చడానికి తెచ్చిన దిశ బిల్లును 2019 డిసెంబరు 13న శాసనసభ ఆమోదించింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో కోర్టు విచారణ, మొత్తం 21 పనిదినాల్లో తీర్పు. రాష్ట్రపతి ఆమోదం రాలేదు. రాకపోతేనేం? 2022 మార్చిలో 163 దిశ గస్తీ వాహనాలు వచ్చాయి. చట్టం ఢిల్లీలో ఆగిపోతే దాని పేరు మాత్రం బండి తలుపుల మీద ఊరూరా తిరిగింది. సంబంధం ఖాయం కాకుండానే ఊరేగింపు జరిపించేశారు.

పోనీ ఆ చట్టం అమల్లోకి వచ్చిందనే అనుకుందాం. పంచనామా రాయాలి, సాక్షుల వాంగ్మూలాలు తీసుకోవాలి, నమూనాలు సేకరించి సీలువేసి ల్యాబ్‌కు పంపాలి, ఛార్జిషీటు వేయాలి. అన్నీ ఏడు పనిదినాల్లో. సీలు సరిగ్గా పడకపోతే చాలు, డిఫెన్స్ లాయరు పండగ చేసుకుంటాడు. ఇవన్నీ చేతికి రావాలంటే ఎవరో ఒకరు నేర్పాలి కదా! కామన్ కాజ్, లోక్‌నీతి–సీఎస్‌డీఎస్ కలిసి 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం, దేశంలో ఐదేళ్ల కాలంలో ఉద్యోగంలో ఉండగా శిక్షణ పొందిన పోలీసులు సగటున 6.4 శాతం. మిగతావాళ్లు కొత్తలో నేర్చుకున్న కవాతుతోనే బండి లాగించేస్తున్నారన్నమాట.

నేర్పేవాళ్ల కథ ఇంకా రుచిగా ఉంటుంది. శిక్షణ కళాశాలకు బదిలీ అయిందంటే శాఖలో ‘లూప్‌లైన్‌లో పడ్డాడు’ అంటారు. అభినందనలకు బదులు పరామర్శలు వస్తాయి. కేంద్ర శిక్షణ సంస్థల్లో పాఠం చెప్పే అధికారులకు జీతంతోపాటు ప్రత్యేకంగా శిక్షణ భత్యం ఇస్తారు. మాస్టారి కుర్చీలో కూర్చోబెట్టడానికి బుజ్జగింపు డబ్బులు!

ఇక సాక్షాత్తూ పార్లమెంటు చేసిన చట్టానికి పట్టిన గతి చూడండి. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 9వ సెక్షన్ ప్రకారం, మావోయిస్టులను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ దళానికి హైదరాబాద్‌లో ఉన్న శిక్షణ కేంద్రం రాష్ట్రం విడిపోయాక మూడేళ్లు రెండు రాష్ట్రాలదీ, ఆ తర్వాత తెలంగాణది. ఆంధ్రప్రదేశ్ అలాంటిదే అత్యాధునికంగా కట్టుకోవడానికి కేంద్రం సాయపడాలి. జవాన్లను మాత్రం ఆప్షన్లు అడిగి పంచాలన్నారు. 2017 జూన్ 2కు మూడేళ్లూ నిండాయి. కొత్త కేంద్రం అప్పటికి స్థలం ఫైళ్ల అడవిలోనే కూంబింగ్ చేస్తోంది. దాని తప్పేముంది పాపం, శిక్షణ కేంద్రానికి సైరన్ ఉండదు, జెండా ఊపితే కదలదు.

అయినా లెక్కలు చూసుకోవడానికి ఢిల్లీలో ఓ పుస్తకం ఉంది. 2022 ఫిబ్రవరిలో హోం వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక అది. 2020 జనవరి 1 నాటికి దేశంలో 16,833 పోలీస్ స్టేషన్లుంటే, వాటిలో 257కి వాహనం లేదు, 638కి టెలిఫోన్ లేదు. మూడో తరగతి పిల్లాడితో తీసివేత చేయించినా తేలుతుంది: కనీసం 381 స్టేషన్లలో బండి ఉంది, ఫోను లేదు. అక్కడి డ్రైవరు పొద్దున్నే బండి కడిగి, అద్దాలు తుడిచి, తాళాలు చేతిలో పట్టుకుని గేటు వైపు చూస్తూ కూర్చోవాలి. ఎవరైనా నడిచొచ్చి, ఎక్కడికి వెళ్లాలో చెప్తే బయల్దేరుతాడు.