ఇరవై ముఖాల వాడిని

నాకు ఇరవై ముఖాలు. అన్నీ ఒకే కొలత సమబాహు త్రిభుజాలు. ఎదురెదురు ముఖాలు ఏ రెండు కలిపినా 21 వస్తుంది, కాబట్టి 20 పైకి తేలిందంటే దాని కింద 1 నేలకు ఆనుకుని ఉందన్నమాట. 20కి ఇరుగుపొరుగు 2, 8, 14. పెద్ద అంకెలన్నీ ఒక పక్క పోగుపడకుండా ఇలా చెదరగొట్టారు. లోపల ఎక్కడో చిన్న గాలిబుడగ ఉండి నేను ఒక వైపుకి ఒరిగినా, ఆ వైపున పెద్దవీ చిన్నవీ కలిసే ఉంటాయి. 6కీ 9కీ తికమక లేకుండా అడుగున గీత గీశారు.

పుట్టింది అచ్చులో. ఆక్రిలిక్‌ని కరిగించి పోశారు. గరుకు పొడితో పాటు పీపాలో వేసి దొర్లించారు. ఒళ్ళంతా రంగు పూసి మళ్ళీ పాలిష్ పట్టేసరికి, అంకెల గాడుల్లో తప్ప ఎక్కడా రంగు మిగల్లేదు. ఆ పైన ఒక చిన్న గుడ్డ సంచిలో ఏడుగురం కలిశాం: నాలుగు ముఖాల వాడు, ఆరు, ఎనిమిది, పన్నెండు, నేను, పది ముఖాల వాళ్ళు ఇద్దరు. ఆ పది ముఖాల జంట తప్ప మిగతా ఐదుగురం ప్లేటో ఘనాలం. క్రమ ఘనాలు లోకంలో ఐదే ఉన్నాయి, ఆరోది సాధ్యం కాదు. ఆ ఐదుగురూ ఒకే సంచిలో ఉండటం నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

మా వంశం పాతది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఈజిప్టు నుంచి వచ్చిన ఇరవై ముఖాల రాతి పాచిక ఉంది. అంకెల బదులు గ్రీకు అక్షరాలు చెక్కారు దాని మీద. క్రీ.పూ. 2వ శతాబ్దానికీ క్రీ.శ. 4వ శతాబ్దానికీ మధ్యదని అక్కడ రాసి పెట్టారు.

ఇప్పటి మా బతుకు మాత్రం 1974లో మొదలైంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరు. అక్కడి గ్యారీ గైగాక్స్, మినెసోటాకి చెందిన డేవ్ ఆర్నెసన్ కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చారు. మొదట అచ్చువేసింది వెయ్యి పెట్టెలు. అంతకుముందు బల్లల మీద యుద్ధాల ఆటలుండేవి, ఒక్కో ఆటగాడు ఒక సైన్యాన్ని నడిపేవాడు. కొత్తగా వచ్చిందేమిటంటే, ఒక ఆటగాడికి ఒకే మనిషి. ఆ మనిషికి పేరుంటుంది, భయాలుంటాయి, ఈ ఆటలో నేర్చింది వచ్చే ఆటకి మిగులుతుంది. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు "నేనైతే ఇలా చేస్తాను" అంటారు. అది జరుగుతుందా లేదా అన్నది మా వంతు. అప్పట్లో మా లాంటి పాచికలు లెక్కల పాఠం చెప్పే బడి సామాన్ల కేటలాగుల్లో దొరికేవి. ఒక దశలో మేం చాలక, ఆట పెట్టెల్లో మా బదులు అంకెలు వేసిన అట్టముక్కలు పెట్టి అమ్మారు.

తెలుగునాట మాకు మంచి పేరు లేదు. ఋగ్వేదంలోనే తానికాయలతో ఆడి ఇల్లు గుల్ల చేసుకున్న జూదరి ఏడుపు ఉంది. నన్నయ సభాపర్వాన్ని తెలుగు చేసిన నాటి నుంచి పాచిక అంటే శకునే గుర్తొస్తాడు. ఆ బరువు నేనూ మోస్తున్నాను గనుక చెబుతున్నాను: ఈ ఆటలో పందెం లేదు. ఎదుటి పక్షమూ లేదు. నలుగురు ఆడితే నలుగురూ ఒకే వైపు. కథ చెప్పే మనిషి, అంటే డంజన్ మాస్టరు, వాళ్ళని ఓడించడానికి కూర్చోదు. వాళ్ళు ఏమవుతారో చూడాలనే ఆశతో కూర్చుంటుంది.

మా ఇంటావిడ అలాంటి మనిషి. ఉండేది హైదరాబాదులో. కాకినాడలో ఇంజనీరింగ్ చదివినప్పటి స్నేహితులు ఆవిడకి నలుగురు. ఒకడు ఊరు వదల్లేదు. ఒకావిడ బెంగళూరు, ఇంకొకావిడ లండన్, మరొకడు టెక్సస్‌లో ఫ్రిస్కో. వాళ్ళ వాట్సాప్ గ్రూపు పుట్టినరోజు శుభాకాంక్షలకీ పండగ బొమ్మలకీ మిగిలింది. ఒకరోజు ఆవిడ నా ఫోటో తీసి అందులో పెట్టి, "ఆడదామా?" అని అడిగింది. నాలుగు వైపుల నుంచీ సరే అని వచ్చింది. అసలు పని అక్కడ మొదలైంది.

ముందు గడియారం. అందరికీ కుదిరింది శనివారం. హైదరాబాదులో రాత్రి 8 గంటలంటే లండన్‌లో మధ్యాహ్నం 3.30, ఫ్రిస్కోలో పొద్దున 9.30. అదీ ఎండాకాలం లెక్క. మన గడియారం ఏడాది పొడవునా కదలదు, వాళ్ళవి కదులుతాయి. అక్టోబరు చివరి ఆదివారం లండన్ గంట వెనక్కి పోతుంది, నవంబరు మొదటి ఆదివారం ఫ్రిస్కో పోతుంది. ఆ మధ్య వచ్చే శనివారం ఒక్కటీ ఎవరి లెక్కకీ అందదు. ఫ్రిస్కోలో చలికాలం ఆట 8.30కే పడుతుంది. పాపని పది గంటలకి తెలుగు క్లాసుకి దింపాలని అతను చెప్పాడు. అందుకని చలికాలం నాలుగు నెలలూ ఇక్కడ 7కే కూర్చుందాం అని ఎవరో అంటే, "అప్పుడు నాకు పొద్దున 7.30రా బాబూ, నిద్రమొహంతో కత్తి పట్టాలి" అన్నాడు. చివరికి 8 దగ్గరే స్థిరపడ్డారు. అతను క్లాసు వేళకి లేస్తాడు, అతని యోధుణ్ణి అక్కణ్ణుంచి బెంగళూరావిడ నడిపిస్తుంది. నలుగురిలో ముగ్గురు వస్తే చాలు, ఆట ఆగదు. ఈ నియమం ముందే పెట్టుకోవడం ఆవిడ చేసిన మంచి పనుల్లో ఒకటని నా అభిప్రాయం. ఒకరు రాలేదని వాయిదా వేయడం మొదలైతే రెండో వాయిదాకే జట్టు చెదురుతుంది.

తర్వాత లోకం. ఏ లోకంలో ఆడాలి? పుస్తకాల్లో వచ్చే కోటలూ డ్రాగన్లూ ఉన్నాయి. ఆవిడకి మాత్రం అమ్మమ్మ ఇంట్లో బైండు చేసి దాచిన చందమామలు గుర్తొచ్చాయి. తోకచుక్క, రాకాసిలోయ, మాయాసరోవరం. దాసరి సుబ్రహ్మణ్యం గారు తన పేరు కూడా వేసుకోకుండా నెలనెలా రాసిన ఆ సీరియళ్ళలో అడవులు, శిథిలాలు, మాంత్రికులు, మాట్లాడే మృగాలు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆ గాలి పీల్చుకుని తన సొంత అడవి ఒకటి కట్టింది. ఆటల వరుసకి కాశీమజిలీ కథల పద్ధతి పెట్టుకుంది: మణిసిద్ధుడు గోపడికి మజిలీకో కథ చెప్పినట్టు ఒక శనివారానికి ఒక మజిలీ. వచ్చే మజిలీ వరకే రాసుకుంటుంది, ఆ పైన రాయదు. మొదట్లో ముగింపు దాకా రాసేయబోయి కాగితం పక్కన పెట్టడం నేను బల్ల మీద నుంచి చూశాను. ముగింపు ఆవిడకే తెలిసిపోతే నాతో పనేముంది? కోట ఎక్కడుంది, ఎవరు కాపలా, వాళ్ళకి ఏం కావాలి, ఏమంటే భయం, ఇవి రాసుకుంటే చాలు. లోపలికి ఎలా వెళ్ళాలో ఆడేవాళ్ళు చూసుకుంటారు.

నియమాలకి డబ్బు పెట్టక్కర్లేకపోయింది. 2014లో వచ్చిన ఐదో కూర్పు మూల నియమాలని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలారు. కాకినాడ అతను వాటిని ఫోన్లోనే చదువుకున్నాడు.

ఆటకి ముందు ఒక సాయంత్రం మాటలకే పెట్టుకున్నారు. దీన్ని సెషన్ జీరో అంటారు. నా దృష్టిలో మొత్తం ఏర్పాట్లలో విలువైనది అదే. ఎవరు ఎవరుగా ఆడతారో అనుకున్నారు: ఫ్రిస్కో యోధుడు, లండన్ మాంత్రికురాలు, బెంగళూరు వైద్యం తెలిసిన పూజారిణి, కాకినాడ దొంగ. నవ్వులు అయ్యాక మా ఇంటావిడ నెమ్మదిగా అడిగింది, "కథలో మీకు వద్దనిపించేవి ఏమైనా ఉన్నాయా?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. లండన్ ఆవిడ పిల్లలకి హాని జరిగే సన్నివేశాలు వద్దంది. ఆ తర్వాత కాకినాడ అతను, "మంచాన పడ్డ తండ్రి కథ మాత్రం పెట్టకే, ఇప్పుడప్పుడే వద్దు" అన్నాడు. కారణం ఎవరూ అడగలేదు, ఆవిడ తన కాగితం మీద రాసుకుంది. ఆట మధ్యలో ఇంకేదైనా ఇబ్బంది అనిపిస్తే చాట్‌లో ఎక్స్ అని కొడితే చాలు, కథ అక్కడి నుంచి పక్కకి మళ్ళుతుంది, సంజాయిషీ అక్కర్లేదు. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన రూపొందించిన ఎక్స్ కార్డు పద్ధతి ఇది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మొహం చూసి తెలుసుకునేది, తెర మీద చిన్న చతురస్రాల్లో తెలియదు. అందుకే దూరం నుంచి ఆడేవాళ్ళకి ఇది మరీ అవసరం.

ఇక నా సంగతి. డిస్కార్డ్ అనే యాప్‌లో మాట్లాడుకోవాలని తేలాక పాచికల మాట వచ్చింది. లండన్ ఆవిడ, "బాట్ పెట్టుకుందామే, వేసింది అందరికీ కనిపిస్తుంది, పేచీ ఉండదు" అంది. సబబైన మాట. కంప్యూటర్ వేసే పాచికకి గాలిబుడగ ఉండదు, మంచం కిందకి దొర్లిపోదు. ఫ్రిస్కో అతను ఒప్పుకోలేదు. అక్కడ షాపులో కొనుక్కున్న పాచికలు కెమెరా ముందు పెట్టి, "ఇవి చేత్తో పట్టుకోవడానికే కదా నేను పొద్దున్నే లేచేది" అన్నాడు. బెంగళూరావిడ తేల్చింది: "ఎవరి పాచిక వాళ్ళు వేద్దాం. పడింది చెబుదాం. చూపించక్కర్లేదు." కాకినాడ అతని దగ్గర పాచికల్లేవు. "నాకు నువ్వు వెయ్యవే, నేను వింటా" అని మా ఇంటావిడతో అన్నాడు. అలా అతని చెయ్యి నేనయ్యాను.

ఇంకొకరి తరఫున పడాలంటే ముందు నేను నిఖార్సైనవాణ్ణని తేలాలి. ఆ రాత్రి ఆవిడ గాజు గ్లాసులో గోరువెచ్చటి నీళ్ళు పోసి, ఇక కరగదు అనేదాకా ఉప్పు కలిపి, నన్ను అందులో వేసింది. మామూలు నీళ్ళలో మునిగేవాణ్ణి, ఆ ఉప్పునీళ్ళలో తేలాను. వేలితో తట్టి తిప్పి వదిలింది. ఒంట్లో ఒక వైపు బరువుంటే ప్రతిసారీ అదే అంకె పైకి రావాలి. 7 వచ్చింది. మళ్ళీ తట్టింది, 16. ఆ తర్వాత 3, 11, మళ్ళీ 16, 20, 5. ఒక్కొక్కటీ నోటుబుక్కులో రాసుకుంటూ, ఉప్పు చెయ్యి తుడుచుకోవడం మరిచిపోయి పేజీ తడిపేసింది. ఏ అంకెకీ ప్రత్యేకమైన ప్రేమ కనిపించలేదు. ఒక్కో ముఖానికి నూటికి 5 పాళ్ళు, అంతే నేను ఇవ్వగలిగింది. కడిగి, తుడిచి, సంచిలో పెట్టింది.

ఇంకో చిక్కు, చప్పుడు. స్టీలు పళ్ళెంలో వేస్తే నలుగురి చెవులూ పగిలాయి. డిస్కార్డ్‌లో గోలని అణిచే ఏర్పాటు పెడితే నేను పడ్డ చప్పుడు పూర్తిగా మాయమైంది, నేను పడ్డానని ఎవరికీ తెలియలేదు. చివరికి ఆ ఏర్పాటు తీసేసి, అట్టపెట్టె మూతలో మఖమల్ జాకెట్టు ముక్క పరిచింది. ఇప్పుడు నాతో పాటు ఫ్యాన్ గాలీ, పక్కింటి కుక్కర్ కూతా లండన్ దాకా వెళతాయి. కానీ నేను దొర్లి ఆగేంత సేపూ అయిదిళ్ళలో ఎవరూ మాట్లాడరు.

మొదటి మజిలీ: అడవి నడుమ పాడుబడ్డ కోట. అగడ్త దగ్గర రాకాసి గబ్బిలాలు మీద పడ్డాయి. యోధుడు దెబ్బ తిని ఒరిగాడు. ఇంకొక్క దెబ్బ పడాలి, మాంత్రికురాలి వంతు. ఆ పూట లండన్ ఆవిడ కెమెరా కూడా వేసుకోలేదు, ఉత్త పేరే కనిపిస్తోంది తెర మీద. అగ్నిబాణం వేస్తున్నానంది. అక్కడెక్కడో నా లాంటి వాడు దొర్లాడు. కాస్త ఆగి, "ఒకటి" అంది.

దాడిలో 1 పడితే ఇంకేం కలిపినా గురి తప్పినట్టే. పన్నెండు అనొచ్చు, పదిహేడు అనొచ్చు. చూసేవాళ్ళు లేరు. అందరూ నెగ్గాలనే కోరుకుంటున్నారు. అయినా పడింది పడ్డట్టు చెప్పింది, అందరూ నమ్మారు, గబ్బిలం తప్పించుకుంది, పూజారిణి తన ఆఖరి మంత్రం యోధుడి మీద ఖర్చుపెట్టింది. ఆ 'ఒకటి' విన్నప్పుడు శకుని బరువు కొంత దిగింది నా మీద నుంచి. ఎంత చక్కగా అచ్చుపోసినా నాలో నిజాయితీ సగమే, మిగతా సగం నన్ను చదివి చెప్పే నోట్లో ఉంటుంది.

ఆ తర్వాత దొంగ గోడ ఎక్కాలి. కష్టం 15 అని మా ఇంటావిడ ముందే చెప్పేసింది. దాచిపెట్టడం ఆవిడకి ఇష్టం ఉండదు. అతని నేర్పుకి 5 కలుస్తుంది, కాబట్టి నా మీద 10 కానీ ఆ పైన కానీ పడాలి. నూటికి 55 పాళ్ళు. "నా భుజం మీద కాలేసి ఎక్కు" అంది బెంగళూరావిడ. సాయం అందితే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవాలన్నది నియమం, దాంతో 55 కాస్తా దాదాపు 80 అవుతుంది. ఈ ఆట నియమాలన్నిట్లో నాకు నచ్చింది ఇదే. నా ఒంట్లో ఏమీ మారదు, పక్కన ఒక మనిషి నిలబడినందుకు లెక్కే మారుతుంది. మొదట 4 పడ్డాను. కాకినాడలో నెట్ నెమ్మదించి అతని బొమ్మ బిగుసుకుపోయింది, గొంతు మాత్రం వచ్చింది. "ఎంతే?" "నాలుగు. ఉండరా, ఇంకోటుంది." రెండోసారి 14. నాలుగు చోట్ల నుంచి ఒకేసారి అరుపులు.

గోడ దిగేసరికి ఎదురుగా మాట్లాడే ఎలుగుబంటి కాపలాదారు. అక్కడ మజిలీ ఆపేసింది ఆవిడ.

వచ్చే శనివారం దొంగ దాన్ని మాటలతో మెత్తబరచాలి. కష్టం మళ్ళీ 15. మాటకారితనం అతని బలం కాదు, కలిసేది 2 మాత్రమే. 13 కానీ పైన కానీ కావాలి, నాకు అలాంటి ముఖాలు ఎనిమిది. ఒంటరిగా అయితే నూటికి 40. మిగతా ముగ్గురూ గోడకి అవతల ఉన్నారు. ఈ మధ్యాహ్నం గ్రూపులో బెంగళూరు నుంచి మెసేజ్ వచ్చింది: "తాడు వెయ్యరా, నేనూ దిగుతున్నా."