తాతగారి పనిముట్లు తప్పనిసరా?

హోసూరు విశ్వనాథపురం ఐటీ పార్కులోనైనా, కృష్ణగిరి కాలేజీ ల్యాబులోనైనా కోడు దాచాలంటే అందరికీ గుర్తొచ్చేది 2005లో పుట్టిన గిట్. ఓపెన్‌బీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లు మాత్రం అదే పని చేసే 1986 నాటి సీవీఎస్‌ను అడగకుండానే వడ్డిస్తాయి. దాని చివరి స్థిరమైన విడుదల 2008లో! ‘మా కోడు చరిత్రంతా అందులోనే ఉంది’ అంటారు వాటి పెద్దలు. నిజమే, అది తయారీదారుల అవసరం. వాడేవాళ్లందరి నెత్తినా ఎందుకు? ‘పాత ఫైళ్లు తెరవాలంటే?’ అన్నది మరో ప్రశ్న. కావలసినవారు ఒక్క కమాండుతో తెచ్చుకుంటారు. వీటి కోవకే చెందిన ఫ్రీబీఎస్‌డీ 2014లో, పదో వెర్షన్‌తో, సీవీఎస్‌ను సిస్టమ్‌లోంచి తీసి ప్యాకేజీల్లో పెట్టింది. ఎవరి కొంపా మునగలేదు. ఆలనాపాలనా లేని ప్రోగ్రాం ఇంటింటా తిష్ఠవేస్తే, రేపు లోపం బయటపడితే సరిదిద్దేదెవరు? పాతదాన్ని పారేయమని ఎవరూ అనడం లేదు. అడిగినవారికే ఇవ్వండి, చాలు.